పెళ్ళికి ముందు జన్యు కౌన్సెలింగ్: ఏం చెబుతారు? ఎప్పుడు వెళ్ళాలి?

తలసీమియా, సికిల్ సెల్ వ్యాధి తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందినప్పుడే బిడ్డకు వస్తాయి. అలాంటి జన్యువు ఒక్కటే ఉన్నవారిని వాహకులంటారు. సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు కనుక పరీక్ష చేస్తే తప్ప ఆ సంగతి వారికే తెలియదు. పెళ్ళి చేసుకోబోయే జంటకు పరీక్ష ఫలితాన్ని వివరించి, ముందున్న దారులు చెప్పడమే జన్యు కౌన్సెలింగ్.

రక్తపరీక్షలో ఎర్రకణాల పరిమాణం తక్కువగా కనిపిస్తే హెచ్‌పీఎల్‌సీ పద్ధతిలో హిమోగ్లోబిన్ ఎ2 ఎంతుందో చూస్తారు. అది 3.5 శాతం దాటితే బీటా తలసీమియా వాహకులని అనుమానిస్తారు. ఐరన్ లోపం వల్ల ఈ శాతం తగ్గి కనిపించవచ్చు. సందేహం ఉంటే డీఎన్ఏ పరీక్ష చేస్తారు. సికిల్ హిమోగ్లోబిన్ కూడా హెచ్‌పీఎల్‌సీలోనే తెలుస్తుంది.

ఇద్దరిలో ఒకరే వాహకులైతే పిల్లలకు తీవ్రమైన వ్యాధి రాదు. ఇద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, బిడ్డ వాహకమయ్యే అవకాశం 50 శాతం. మొదటి బిడ్డకు వస్తే తర్వాతి వారికి రాదనుకోవడం సరికాదు. ఒకరిది సికిల్, మరొకరిది బీటా తలసీమియా జన్యువైనా ముప్పు ఉంటుంది. మేనరికాల్లో ఇద్దరికీ ఒకే జన్యువు ఉండే అవకాశం ఎక్కువ.

పెళ్ళి మానుకోమని చెప్పడం కౌన్సెలర్ పని కాదు. గర్భంలో తొలి నెలల్లోనే బిడ్డకు పరీక్ష చేయించుకోవడం, ఐవీఎఫ్‌లో పిండాన్ని పరీక్షించి ఎంచుకోవడం, దత్తత వంటి మార్గాలను వివరిస్తారు. నిర్ణయం జంటదే. 1994 నాటి గర్భస్థ పిండ లింగ నిర్ధారణ నిషేధ చట్టం హిమోగ్లోబిన్ వ్యాధుల పరీక్షను రిజిస్టర్డ్ కేంద్రాల్లో అనుమతిస్తుంది, లింగం వెల్లడించడాన్ని నిషేధిస్తుంది.

చిక్కంతా సమయంతోనే. శుభలేఖలు అచ్చయ్యాక ఫలితం వస్తే రెండు కుటుంబాల ఒత్తిడీ జంట మీదే పడుతుంది. సంబంధం తప్పిపోతే నింద ఎక్కువగా అమ్మాయి మోస్తుంది. అందుకే జాతకాలు చూసే దశకు ముందే, ఇద్దరూ పరీక్ష చేయించుకోవడం మేలు. ఫలితాన్ని ముందుగా ఆ వ్యక్తికే చెప్పాలి, అనుమతి లేకుండా ఇతరులకు ఇవ్వకూడదు.

2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ లక్ష్య సంవత్సరం 2047. గిరిజన జనాభా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది ఆలోచన. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఇందులో ఉన్నాయి. పరీక్ష ఎంత మందికి జరిగినా, వాహకులు రోగులు కారన్న మాట ఇంటింటికీ చేరకపోతే ఫలితాన్ని దాచుకునేవారే మిగులుతారు.