పనివానిని కాపాడు స్విచ్చి

నెల్లూరుకు తూర్పుగా సముద్రము వైపు పోయినచో ఇందుకూరుపేట, దాని కావల మైపాడు వచ్చును. వరి చేలు, రొయ్యల గుంటలు, సరుగుడు తోపులు గల పల్లపు నేల ఇది. ఇచ్చట ఇంటికి పునాది త్రవ్విన కొద్ది లోతులోనే తడి తగులును. గోడలు లేచిన పిమ్మట సిమెంటు పనికి రోజుల తరబడి నీరు పట్టవలెను. ఆ నీటికి మోటారు, కాంక్రీటును కుదించుటకు వైబ్రేటరు, రాళ్లు కోయుటకు మిషను కావలెను. వీనిలో అనేకము కరెంటుతో నడుచును. ఆ కరెంటు ఇరుగువారి మీటరు నుండియో, తాత్కాలికపు బోర్డు నుండియో పొడవైన తీగలో నేల వెంబడి వచ్చును. ప్లగ్గు లేనిచో తీగ కొసలను సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లలతో బిగించుట చాలచోట్ల అలవాటు. పనివాడు చెప్పులు లేక తడి ఇసుకపై నిలుచును.

ఇట్టి చోట షాకు తగిలినచో ఫ్యూజు కాలి ప్రాణము దక్కునని పలువురి నమ్మకము. ఓమ్ సూత్రము చదివిన విద్యార్థి దీనిని కాగితముపై పరీక్షింపవచ్చును. తడిసిన శరీరపు నిరోధము సుమారు 1000 ఓములనుకొందము. సరఫరా 230 వోల్టులు. అప్పుడు శరీరము గుండ భూమిలోనికి పోవు కరెంటు 0.23 ఆంపియరు, అనగా 230 మిల్లీ ఆంపియరులు. 5 ఆంపియరుల ఫ్యూజునకు ఇది లెక్కలోనిది కాదు. కాని ఒక సెకండు పాటు ప్రవహించినచో ఇందులో సగము కూడ గుండె లయను చెరుపగలదు. తీగ వేడెక్కి ఇల్లు అంటుకొనకుండుటకు ఫ్యూజు పుట్టినది. మనుష్యుని కొరకు కాదు. విద్యుద్రక్షణ చరిత్రలో మొదటి భాగమంతయు తీగను, ఆస్తిని కాపాడిన చరిత్రయే.

మన దేశమున పెద్దయెత్తు విద్యుత్ప్రసారము 1902లో ఆరంభమైనది. కావేరిపై శివసముద్రమున పుట్టించిన కరెంటు కోలారు బంగారు గనులకు చేరినది. ఆ గనులలో పనిచేసిన వారిలో తెలుగువారును గలరు. మరుసటి యేడే, 1903లో, భారత విద్యుచ్చట్టము వచ్చినది. దాని స్థానమున 1910 నాటి చట్టము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము వెలువడిన 1956 నాటి విద్యున్నిబంధనలు అర్ధశతాబ్దమునకు పైగా అమలులో నుండెను. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడి పల్లెలకు తీగలు వ్యాపించిన కాలమున రక్షణకు ఆధారము ఈ నిబంధనలే.

వీనిలో పుర్రె, ఎముకల గుర్తుతో అపాయపు పలక కట్టవలెనని యున్నది. తీగల సమీపమున కట్టడము గాని, పరంజా గాని లేపదలచినవాడు ముందుగా సరఫరాదారునకు, ఇన్‌స్పెక్టరునకు తెలుపవలెననియు నున్నది. షాకు తిన్నవానిని బ్రతికించు విధమును స్థానిక భాషలో కూడ వ్రాసి విద్యుత్కేంద్రములలో, సబ్‌స్టేషనులలో, కర్మాగారములలో గోడకు తగిలింపవలెను. ఇల్లు కట్టు స్థలము మాత్రము ఆ జాబితాలో పేరు పెట్టి చేరలేదు. ఇన్‌స్పెక్టరు ఆజ్ఞాపించిన ఇతర స్థలములలో అదియు నొకటి కావచ్చును, అంతే. గోడయే ఇంకను లేవని చోట పటము నెచ్చట తగిలింతురని ఎవరైన అడుగవచ్చును. కాని అపాయము హెచ్చుగా నున్నది అచ్చటనే గదా!

ఈ పటములలోని బొమ్మలకును ఒక చరిత్ర గలదు. 1903లో షేఫర్ చెప్పిన పద్ధతిలో రోగిని బోర్ల పరుండబెట్టి వీపుపై అదిమెడివారు. 1932లో హోల్గర్ నీల్సన్ అందులో చేతులెత్తుటను చేర్చెను. 1950ల చివర నోటితో ఊపిరి నూదు పద్ధతి వచ్చినది. 1960లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు రొమ్ముపై అదిమి గుండెను ఆడించు విధమును ప్రకటించిరి. వీరిలో మొదటివాడు వైద్యుడు కాడు, విద్యుత్ ఇంజనీరు. లైనుపై పనిచేయువారు షాకుతో మరణించుటను గూర్చి ఆయన 1920లలోనే పరిశోధన ఆరంభించెను. కుక్కలపై ప్రయోగము చేయునపుడు, గుండెకు షాకు నిచ్చు పలకలను రొమ్ముపై గట్టిగా అదుముట చేతనే రక్తపు పీడనము పెరుగుటను నికర్‌బాకర్ గమనించెను. నేడు వైద్యశాలలన్నిట వాడు పద్ధతి ఆ గమనిక నుండి పుట్టినదే.

ఇదంతయు షాకు తగిలిన తరువాతి మాట. తగిలినను చావకుండ చేయుటెట్లు? కాలిఫోర్నియాలో చార్లెస్ డాల్జియెల్ అను ఆచార్యుడు, స్వయముగా ముందుకు వచ్చినవారి చేతికి తీగ నిచ్చి, ఎంత కరెంటు వరకు దానిని విడువగలరో కొలిచెను. పురుషులకు సగటున 16, స్త్రీలకు 10.5 మిల్లీ ఆంపియరులు. అది దాటినచో కండరములు బిగిసి చేయి తెరచుకొనదు. “కరెంటు పట్టుకొన్నది” అని మన పల్లెలలో అను మాట కేవలము అలంకారము కాదన్న మాట.

సంతకు పోయినవారిని, తిరిగి వచ్చినవారిని లెక్కించి, తేడా వచ్చినచో దారి మూసివేయు కావలివానిని ఊహింపుడు. పోవు తీగను, వచ్చు తీగను ఒకే ఇనుప వలయము గుండ దూర్చినచో రెండు ప్రవాహములును సమానముగా నున్నంతవరకు వలయమున అయస్కాంత ప్రభావము పుట్టదు. కొంత కరెంటు మనిషి గుండ భూమిలోనికి జారినచో తూకము తప్పును. వెంటనే స్విచ్చి తెగును. దక్షిణాఫ్రికాలో బంగారు గనుల ప్రమాదములను చూచి హెన్రీ రూబిన్ 1955లో ఇట్టి సాధనమును నిర్మించి, పిదప దానిని 20 మిల్లీ ఆంపియరులకే తెగునంత సున్నితము గావించెను. ఆస్ట్రియాలో బీగెల్‌మయర్ 1957లోను, డాల్జియెల్ 1961లోను తమ తమ పరికరములను రూపొందించిరి. 30 మిల్లీ ఆంపియరుల స్విచ్చి, పైన చెప్పిన 230 మిల్లీ ఆంపియరుల షాకును సెకండులో ఇరువదియైదవ వంతులోపల తెంపివేయును. మన ఎలక్ట్రీషియనులు దీనిని ఇ.ఎల్.సి.బి. యందురు, కొత్తవానిపై ఆర్.సి.సి.బి. అని యుండును.

అమెరికా విద్యుత్స్మృతి 1971 నాటి ముద్రణలో నిర్మాణ స్థలములకు దీనిని విధించినది. బ్రిటనువారు వేరు దారి పట్టిరి: పనిముట్లను 110 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరుపై నడిపి, చుట్ట మధ్యబిందువును భూమికి కలిపిరి. అందుచేత ఏ తీగ తాకినను భూమితో భేదము 55 వోల్టులే.

మన పార్లమెంటు నిర్మాణ కార్మికుల చట్టమును 1996లో చేసినది. 1998లో వచ్చిన కేంద్ర నిబంధనలలో ఒకటి తాత్కాలికపు విద్యుత్ అమరికలన్నిటికి ఇ.ఎల్.సి.బి. ఉండవలెనని స్పష్టముగా చెప్పెను. తీగలను నీరు తగులు నేలపై సాధ్యమైనంతవరకు పరువరాదనియు, హెచ్చరికలు పనివారిలో ఎక్కువమందికి తెలిసిన భాషలో నుండవలెననియు దానిలో గలదు. ఒడిశా, బీహారుల నుండి పనివారు వచ్చు ఈ కాలమున ఆ భాష తెలుగే యని చెప్పలేము. ఐతే చట్టము పదిమందికి తక్కువ గాక పనివారు గల సంస్థలకే వర్తించినది. పది లక్షల రూపాయలు మించని ఖర్చుతో సొంత ఇల్లు కట్టుకొనువానిని మినహాయించినది. 2020లో ఈ చట్టమును మరికొన్నిటితో కలిపి ఒకే స్మృతిగా చేసిరి. ఇందుకూరుపేటలో ఒక మేస్త్రీ అయిదుగురు కూలీలతో కట్టిన చిన్న ఇల్లు 1996 నాటి చట్టపు లెక్కలోనికి రాలేదు. ఓమ్ సూత్రములో మాత్రము ఇట్టి మినహాయింపు లేదు.

ఈ స్విచ్చికిని హద్దులు గలవు. ఒక చేత పోవు తీగను, రెండవ చేత వచ్చు తీగను పట్టుకొన్నవానిని ఇది గుర్తింపలేదు. తూకము తప్పదు గనుక. పొడవైన చువ్వ నెత్తి 11,000 వోల్టుల లైనుకు తగిలించినవానికిని అక్కరకు రాదు. అచ్చట రక్షణ దూరమొక్కటే: కట్టడమునకు అట్టి లైను ప్రక్కగా 1.2, పైన 3.7 మీటర్ల యెడమున నుండవలెను. పచ్చి సరుగుడు బాదు కూడ తడిసినపుడు విద్యుద్వాహకమేయని పరంజా కట్టువారికి చెప్పవలసియున్నది.

సముద్రపు ఉప్పుగాలి లోహపు భాగములను తినివేయును. పెట్టెలోని స్విచ్చి చూచుటకు బాగుగనే యుండి సమయమునకు తెగకపోవచ్చును. అందుకే ప్రతి ఇ.ఎల్.సి.బి.పై ‘టి’ అను అక్షరముతో చిన్న మీట యుండును. దానిని నొక్కినచో సరఫరా ఆగవలెను. ఆగనిచో ఆ స్విచ్చిని మార్చినదాక పని మొదలిడరాదు. ఈ పరీక్షకు ఎలక్ట్రీషియను రానక్కరలేదు. వైబ్రేటరు పట్టుకొనబోవు కూలీయే ప్రొద్దున పొడి చేతితో దానిని నొక్కి చూడవచ్చును.