పసుపు కొమ్ములోని రంగు: మన ఊళ్ల నుంచి లోకం దాకా

చరిత్ర అనగానే మనవాళ్లకు ముందు గుర్తుకొచ్చేది కోట. జగిత్యాలలో 1747 నాటి ఖిల్లా ఉంది. కరీంనగర్ పక్కన ఎల్గందల్ ఖిల్లా ఉంది. వాటి సంగతులు చెప్పే పెద్దలు, రాసే పండితులు ఉన్నారు. కాని మన వంటింట్లో, పోపుల డబ్బాలో కూడా ఒక చరిత్ర కూర్చుని ఉంది. దాని గురించి మనం రాసుకున్నది బహు తక్కువ. అదే పసుపు.

పసుపుకు ఆ పచ్చదనాన్ని ఇచ్చే పదార్థం పేరు కర్క్యుమిన్. దాని కథ ఈ సంచిక ద్వారా సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు చెప్పదలిచాం. కొమ్మును పండించేది జగిత్యాల, కోరుట్ల రైతులు. ఆ కొమ్ములోని రంగుకు ధర కట్టేది ఇంకెవరో. చివరకు అదే రంగు గోలీగా మారి, మెరిసే సీసాలో మన ఇంటికే తిరిగి వస్తున్నది. మధ్యలో ఏం జరిగిందో తెలియకపోతే పండించేవాడికీ నష్టమే, మింగేవాడికీ నష్టమే.

పేరు ఎక్కడిది?

తెలుగులో పసుపు, మన ఇళ్లల్లో హల్దీ. ఫారసీలో జర్ద్ చోబ్, అంటే పచ్చని కర్ర అని అర్థం. యునానీ హకీములు ఉరూఖ్-ఉస్-సుఫ్ర్ అంటారు. అరబ్బీలో కుర్కుం అనే మాట ఉంది. అది మొదట కుంకుమపువ్వుకు చెల్లి, తర్వాత పసుపుకూ చెల్లింది. ఆ కుర్కుం నుంచే ఈ మొక్క జాతికి శాస్త్రజ్ఞులు కర్క్యుమా అని పేరు పెట్టారు. అందులోంచి కర్క్యుమిన్ వచ్చింది. అంటే మందుల దుకాణంలో సీసా మీద ఇంగ్లీషులో కనబడే పేరుకు వేరు అరబ్బీలోనే ఉందన్నమాట.

గార్సియా ద ఓర్తా అనే పోర్చుగీసు వైద్యుడు 1563లో గోవాలో ఒక గ్రంథం అచ్చువేయించాడు. ఈ దేశంలో పసుపును రంగుకూ వంటకూ వాడతారని, ఇక్కడి నుంచి అరేబియా, పారసీక దేశాలకు పంపుతారని అందులో రాశాడు. ఇప్పుడు మన ఇంటింటి నుంచీ పిల్లలు గల్ఫ్‌కు పోతున్నారు కదా, మన పసుపు వాళ్లకన్నా నాలుగు వందల ఏళ్ల ముందే ఆ దారి పట్టింది.

బట్ట మీద పచ్చదనం

పూర్వం రంగులద్దేవారికి పసుపు సులువైన సరుకు. చాలా మొక్కల రంగులు బట్టకు పట్టాలంటే పటిక వంటిది కలపాలి. పసుపుకు ఆ అవసరం కూడా లేదు. నీళ్లలో మరిగించి నూలు బట్ట ముంచితే చాలు, పట్టేస్తుంది. అయితే రంగు ఎంత సులువుగా ఎక్కుతుందో అంత సులువుగా దిగుతుంది. ఎండ తగిలితే వెలిసిపోతుంది. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. సబ్బులో, సున్నంలో క్షారం ఉంటుంది. క్షారం తగలగానే కర్క్యుమిన్ ఎరుపుకు తిరుగుతుంది. కాళ్లకు పెట్టే పారాణి పసుపు, సున్నం కలిస్తేనే తయారవుతుంది. సబ్బుతో ఎర్రబడిన మరక మీద నిమ్మకాయ పిండితే మళ్లీ పచ్చబడుతుంది.

మన షాదీలలో మాంజా నాడు పెళ్లికూతురికి పచ్చని బట్టలు కట్టి హల్దీ పూస్తారు. ఇరుగుపొరుగు హిందువుల పెళ్లిళ్లలో నలుగు పెడతారు. మతాలు వేరైనా కొమ్ము ఒకటే. ఆ పచ్చదనం నాలుగు రోజులకే వెలిసిపోయినా ఎవరూ బాధపడలేదు. పెళ్లి ముచ్చటకు అది చాలు.

ఏళ్ల తరబడి కట్టే బట్టకు మాత్రం నిలిచే రంగు కావాలి. 1856లో ఇంగ్లండులో విలియం పెర్కిన్ అనే కుర్రవాడు తారు నుంచి ఊదారంగు తీశాడు. ఆ తర్వాత కొద్ది దశాబ్దాల్లోనే కారుచౌకగా, వెలవని రసాయన రంగులు మార్కెట్టును నింపేశాయి. మొక్కల రంగులు ఒక్కొక్కటే వెనక్కి తగ్గాయి. మన సిరిసిల్లనే చూడండి. వేల మరమగ్గాల ఊరు అది. 2017 నుంచి కొన్నేళ్లపాటు బతుకమ్మ చీరలు నేసింది అక్కడే. నూలైనా పాలిస్టరైనా, ఆ బట్టకు పట్టేది రసాయన రంగులే. పక్కనే కొండలా పసుపు పండుతున్నా మగ్గం దానివైపు చూడదు.

కోరుట్లకూ ఒక పాత పేరుంది. నిజాం కాలంలో అక్కడ చేతితో చేసిన ముతక కాగితం పట్వారీల లెక్కల పుస్తకాలకు వాడేవారు. కాగితానికీ పసుపుకూ ఏమిటి సంబంధం అంటారా? రసాయన శాస్త్రంలో పసుపు కాగితం అని ఒకటుంది. పసుపు సారంలో ముంచి ఆరబెట్టిన కాగితం అది. క్షారం తగిలితే ఎర్రగా, గోధుమరంగుగా మారి ఉన్న గుట్టు చెబుతుంది. బోరిక్ ఆమ్లాన్ని కూడా పట్టేస్తుంది. పారాణిలో మన ఆడవాళ్లు రోజూ చూసిన వింతనే ప్రయోగశాలవాళ్లు పరీక్షగా మార్చుకున్నారు.

రంగును విడదీశారు

1815లో వోగెల్, పెల్టియే అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు పసుపు నుంచి ఆ పచ్చని పదార్థాన్ని వేరు చేసి కర్క్యుమిన్ అన్నారు. ఈ పెల్టియేనే 1820లో ఇంకొకరితో కలిసి మలేరియా మందు క్వినైన్‌ను వేరు చేసినవాడు. కర్క్యుమిన్ అణువు నిర్మాణం తేలింది 1910లో. అంటే పదార్థం చేతికి వచ్చాక అది ఏమిటో తెలియడానికి 95 ఏళ్లు పట్టింది.

ఇక్కడ ఒక లెక్క చూద్దాం. 100 కిలోల పచ్చి పసుపు ఉడకబెట్టి ఎండబెడితే సుమారు 20 కిలోల ఎండు కొమ్ము వస్తుంది. అందులో కర్క్యుమిన్ నూటికి 3 పాళ్లు అనుకుంటే తేలేది 600 గ్రాములు. రైతు 100 కిలోలు తవ్వితే లోకం కోరే రంగు ఒక శేరు కూడా లేదు! రకాన్ని బట్టి ఇది మారుతుంది. కేరళలోని అలెప్పీ రకంలో 5 శాతం దాటుతుంది. మేఘాలయలోని లకడాంగ్‌లో 7 దాకా పోతుంది. సారం తీసే కంపెనీలు ఆ రకాల వెంట పడేది ఇందుకే.

బట్ట వదిలేసినా తిండి ఈ రంగును వదల్లేదు. ఆవపిండి ముద్దలు, జున్ను, ఐస్‌క్రీం వంటి వాటికి వాడే ఈ రంగుకు యూరప్‌లో ఇ-100 అని నంబరిచ్చారు. ఎంత తినవచ్చో కూడా ప్రపంచ సంస్థల నిపుణులు తేల్చారు. రోజుకు ఒంటి బరువు కిలోకు 3 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ దాకా. 60 కిలోల మనిషికి అది 180 మిల్లీగ్రాములు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ఉర్దూ కితాబుల సాక్ష్యం

1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి ఒక పేటెంటు దక్కింది. గాయం మానడానికి పసుపు వాడటం తమ కొత్త కనిపెట్టడమని అందులో ఉంది. దెబ్బ తగలగానే పసుపు అద్దే మన దాదీమాలు, నానీమాలు ఈ మాట వింటే నవ్వుకునేవారు. కాని నవ్వితే పేటెంటు పోదు, కాగితం మీద సాక్ష్యం చూపాలి.

మాషేల్కర్ గారి నాయకత్వంలోని మన శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో సవాలు చేసింది. సంస్కృతం, ఉర్దూ, హిందీ భాషల్లోని 32 ఆధారాలు ముందు పెట్టింది. వాటిలో కొన్ని నూరేళ్లకు పైబడినవి. 1997లో అమెరికా కార్యాలయం ఆ పేటెంటును రద్దు చేసింది. దాని పాఠంగానే ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని విద్యను ఒక్కచోట చేర్చే సంప్రదాయ విజ్ఞాన గ్రంథాలయం పని 2001లో మొదలైంది.

ఇందులో మనకు గర్వమూ ఉంది, హెచ్చరికా ఉంది. అటక మీద చెదలు పట్టిపోతున్న తాతల నాటి ఉర్దూ వైద్య పుస్తకం ఒకనాడు దేశానికే సాక్షి కావచ్చు. రాసి ఉన్నదే సాక్ష్యం. నోటి మాట ఎంత నిజమైనా అక్కడ నిలబడలేదు.

సీసాలోకి ఎక్కిన పసుపు

ఇక గోలీల సంగతి. కీళ్లనొప్పులకు, షుగరుకు, చివరకు క్యాన్సరుకు కూడా కర్క్యుమిన్ పనిచేస్తుందని అమ్మేవాళ్లు ఉన్నారు. పరీక్షనాళికలో అది ఎన్నో వింతలు చేసిన మాట నిజమే. ఒంట్లోకి వెళ్లాక కథ వేరు. మింగినదాంట్లో రక్తంలోకి చేరేది చాలా తక్కువ, చేరినదీ త్వరగా పోతుంది. 1998లో బెంగుళూరు శాస్త్రజ్ఞులు మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు జతచేస్తే రక్తంలోకి చేరేది 20 రెట్లు పెరుగుతుందని చూపారు. అప్పటి నుంచి చాలా గోలీల్లో మిరియాల సారం చేరింది. కాని 2017లో ఒక అమెరికన్ రసాయన పత్రికలో వచ్చిన పెద్ద సమీక్ష, కర్క్యుమిన్‌తో జరిగిన కట్టుదిట్టమైన మనుషుల పరీక్షల్లో ఒక్కటీ నెగ్గలేదని రాసింది. తర్వాత మోకాళ్ల నొప్పుల విషయంలో కొంత మేలు చూపిన పరిశోధనలు వచ్చాయి, కాని అవి చిన్నవి.

రెండో వైపు కూడా ఉంది. 2019లో ఇటలీలో, 2023లో ఆస్ట్రేలియాలో, పసుపు గోలీలు మింగిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ప్రభుత్వాలు హెచ్చరికలు ఇచ్చాయి. కూరలో వేసే ఒక చెంచా, అంటే 3 గ్రాముల పసుపులో 90 మిల్లీగ్రాముల దాకా కర్క్యుమిన్ ఉంటుంది. ఇందాక చెప్పిన 180 లోపలే. ఒక్క గోలీలో 500 మిల్లీగ్రాములు ఉండటం మామూలే. కూర వేరు, గోలీ వేరు. రక్తం పలచబడే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు, కాలేయ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ సీసా ముట్టుకోవద్దు.

ఇంకో ప్రమాదం కల్తీ. పసుపు మరీ మెరిసేలా కనబడాలని సీసం ఉన్న లెడ్ క్రోమేట్, లేదా మెటానిల్ ఎల్లో కలిపే దుర్మార్గం ఉంది. సీసం పసిపిల్లల మెదడుకు చేటు. బంగ్లాదేశ్‌లో 2019లో పరీక్షించిన మార్కెట్టు పసుపులో 47 శాతంలో సీసం కల్తీ బయటపడింది. ప్రభుత్వం జరిమానాలు వేసి, జనానికి చెప్పి, 2021 నాటికి దాన్ని సున్నాకు తెచ్చింది. కాబట్టి మనసు పెడితే అయ్యే పనే.

రైతు వాటా ఎంత?

మృగశిర కార్తెలో నాటితే జనవరి, ఫిబ్రవరి దాకా తొమ్మిది నెలల పంట ఇది. నడుమ మక్క వేస్తారు. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు కాలువ నీళ్లు, బావుల నీళ్లు కలిసి ఈ ప్రాంతాన్ని పచ్చగా చేశాయి. తవ్వాలె, ఉడకబెట్టాలె, పది పదిహేను రోజులు ఎండబెట్టాలె, డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టాలె, అప్పుడు మెట్‌పల్లికో నిజామాబాద్‌కో బండి కట్టాలె. ఇంత చేసినా ధర చేతిలో ఉండదు. పసుపుకు కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధర లేదు. 2019లో క్వింటాలు 5, 6 వేల దగ్గర పడిపోయింది. 2024లో 15 వేలు దాటింది.

2019 ఏప్రిల్ 11న ఆ కడుపుమంట ఓటు పెట్టెల దగ్గర కనబడింది. జగిత్యాల, కోరుట్ల నియోజకవర్గాలు కలిసిన నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది నిలబడ్డారు. వారిలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. ఒక్కో పోలింగు కేంద్రంలో 12 యంత్రాలు వరసగా పెట్టవలసి వచ్చింది. గెలుపు కోసం వాళ్లు నిలబడలేదు, తమ గోడు దేశం వినాలని నిలబడ్డారు. 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు ప్రకటన వచ్చింది. 2025 జనవరి 14న బోర్డు మొదలైంది, కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లోనే.

2023-24లో మన దేశం 1.62 లక్షల టన్నుల పసుపు, పసుపు సరుకులు పరదేశాలకు పంపి 22.65 కోట్ల డాలర్లు తెచ్చింది. భాగిస్తే కిలోకు డాలరున్నర కూడా రాదు. అదే కిలో కొమ్ములోని 30 గ్రాముల రంగు గోలీలైతే, 500 మిల్లీగ్రాముల లెక్కన 60 గోలీలు, అంటే ఒక సీసా. ఆ సీసా ధర ఎంతో మందుల దుకాణంలో అడిగి చూడండి. కొమ్ము మనది, రంగు తీసే యంత్రం పరాయిది. మొత్తం కథ ఈ ఒక్క మాటలో ఉంది.

మా మనవి

సభ్యులకు మా మనవి నాలుగే. పొడి కొనేబదులు కొమ్ములు కొని గిర్నీలో పట్టించుకోండి, కల్తీ భయం తగ్గుతుంది. గోలీ మింగేముందు డాక్టరును అడగండి. ఇంట్లో పాత ఉర్దూ, ఫారసీ వైద్య పుస్తకాలుంటే చిత్తు కాగితాలవాడికి వేయకుండా సంఘానికి తెలియజేయండి. నాలుగోది మన పిల్లలకు. రసాయన శాస్త్రం, ఆహార సాంకేతిక విద్య చదివే పిల్లలుంటే పెద్దలు వెనుకాడవద్దు. కొమ్మును పండించడం ఈ నేలకు ఎప్పటి నుంచో వచ్చు. కొమ్ములోంచి రంగు తీసి, దానికి తామే ధర చెప్పే నేర్పు జగిత్యాల, కోరుట్ల బిడ్డలకు రావలసి ఉంది.