సముద్రం అడుగున లోయ



మన ఇళ్ళల్లో తరచు వినబడే మాట ఒకటుంది. ఏదైనా సంగతి మనం కాస్త గట్టిగా చెప్పామంటే చాలు, "ఆడవాళ్ళ కబుర్లు లెద్దూ!" అని తీసిపారేస్తారు. చీరల గురించో, చుట్టాల గురించో అన్నప్పుడు పోనీలే అని వూరుకుంటాం. కాని భూగోళం గుట్టు విప్పిన ఒక గొప్ప సత్యాన్ని కూడా మొదట అలాగే తీసిపారేశారంటే మీకు ఆశ్చర్యంగా వుండదూ? ఆ కథ ఈవేళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

ఆవిడ పేరు మేరీ థార్ప్. 1920లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో పుట్టింది. తండ్రి ప్రభుత్వ వ్యవసాయశాఖలో నేలలు పరీక్షించి పటాలు గీసే ఉద్యోగి. ఎక్కడ పని వుంటే అక్కడికి సంసారం కదలవలసిందే. తట్టాబుట్టా సర్దుకోవడం, పిల్లని కొత్త బడిలో చేర్చడం - బదిలీ ఉద్యోగస్థుల ఇల్లాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. మేరీకి పదిహేనేళ్ళ వయసులో తల్లి పోయింది.

కాలేజీలో ఆవిడ చదివింది ఇంగ్లీషు, సంగీతం. ఆ రోజుల్లో అక్కడ భూగర్భశాస్త్రం మగవాళ్ళ చదువు. అయితే రెండవ ప్రపంచయుద్ధంలో కుర్రాళ్ళంతా సైన్యంలోకి వెళ్ళిపోవడంతో తరగతులు ఖాళీ అయ్యాయి. అప్పుడు మిచిగన్ విశ్వవిద్యాలయంవారు ఆడపిల్లలకు తలుపులు తెరిచారు. ఆ సందు దొరకగానే మేరీ అందులో చేరింది. తరువాత గణితంలో కూడా పట్టా పుచ్చుకుంది. ఇన్ని చదువులు చదివి 1948లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరితే ఆవిడకిచ్చిన పని ఏమిటి? ఇతరుల లెక్కలు కట్టిపెట్టడం, పటాలు గీసిపెట్టడం!

అక్కడి శాస్త్రజ్ఞులు సముద్రాల అడుగుభాగాన్ని కొలుస్తున్నారు. ఓడ మీదినుంచి శబ్దాన్ని నీళ్ళలోకి పంపుతారు. అది అడుగును తాకి తిరిగి వస్తుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది కనుక, వెళ్ళి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి లోతు తెలుస్తుంది. కాని ఆ ఓడల్లోకి ఆడవాళ్ళను ఎక్కనిచ్చేవారు కాదు. సహచరుడు బ్రూస్ హీజెన్ సముద్రం మీద తిరిగి లోతుల లెక్కలు తెచ్చేవాడు. మేరీ గదిలో బల్లముందు కూర్చుని ఆ అంకెలను గీతలుగా మార్చేది. చుక్కలు సరిగ్గా పడితేనే ముగ్గు కుదిరినట్టు, ఆ అంకెలు ఓపికగా కూర్చితేనే కొండా లోయా కనబడేవి.

1952లో ఆవిడ అట్లాంటిక్ సముద్రాన్ని అడ్డంగా కోసినట్టు ఆరు పటాలు గీసి, ఒకదాని కింద ఒకటి పెట్టి చూసింది. సముద్రం నడుమ ఒక పెద్ద పర్వతపంక్తి వుందని అప్పటికే తెలుసు. ఆవిడ కంటబడిన కొత్త సంగతి ఏమిటంటే, ఆ పర్వతాల నడినెత్తిన, దాదాపు ప్రతి పటంలోనూ అదే చోట, లోతైన ఒక గండి. అంటే అక్కడ భూమి చీలుతున్నదన్నమాట!

హీజెన్‌కు చెబితే, అవన్నీ ఆడపిల్ల కబుర్లని కొట్టిపారేశాడు. ఆయన భయమూ ఆయనకుంది. ఖండాలు ఒకప్పుడు కలిసివుండి తరువాత విడిపోయాయని 1912లో వెగెనర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు చెప్పాడు. అమెరికాలో చాలామంది పెద్దలు దాన్ని పరిహసించారు. మేరీ చెప్పిన లోయ నిజమైతే వెగెనర్ మాటా నిజం కావచ్చు. అంత సాహసం ఎవరు చేస్తారు?

మేరీ పోట్లాడలేదు, మానుకోనూలేదు. మళ్ళీ లెక్కలు సరిచూసింది. పక్క బల్లమీద హోవర్డ్ ఫాస్టర్ అనే బధిరుడు సముద్రంలో భూకంపాలు పుట్టిన చోట్లను పటంమీద చుక్కలుగా పెడుతున్నాడు. రెండు పటాలూ ఒకదానిమీద ఒకటి వుంచి చూస్తే, ఆ భూకంపాల చుక్కలు మేరీ చూపిన లోయ వెంటే వరుసగా పడ్డాయి. అప్పటికిగాని హీజెన్ నమ్మలేదు. ఈలోగా ఏడాది దాకా గడిచింది.

1956లో ఈ సంగతి లోకానికి వెల్లడయింది. కాని ఆ వ్యాసంమీద వున్నవి సంస్థ అధిపతి ఈవింగ్ పేరూ, హీజెన్ పేరూ మాత్రమే. మేరీ పేరు లేదు.

ఇక అసలు ఘట్టం 1959లో. న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి భవనంలో మొట్టమొదటి అంతర్జాతీయ సముద్రశాస్త్ర మహాసభ జరిగింది. అనేక దేశాల శాస్త్రజ్ఞులు వచ్చారు. ఫ్రాన్సుకు చెందిన ప్రసిద్ధ సముద్ర పరిశోధకుడు కూస్టో ఈ లోయను నమ్మలేదు. అది అబద్ధమని తేల్చాలనే పట్టుదలతో, మహాసభకు వస్తూ దారిలో తన ఓడనుంచి కెమెరాను సముద్రం అడుగుకు దించి ఈడ్పించాడు. తీరా ఫిలింలో ఏముందీ? ఆ లోయా, దాని నల్లటి కొండగోడలూ! ఆయన దాచుకోలేదు. ఆ ఫిలిం తెచ్చి నిండుసభలో అందరికీ చూపించాడు. కాదనడానికి బయలుదేరినవాడే సాక్ష్యం పట్టుకొచ్చాడు.

మహాసభలంటే దండలు, ఉపన్యాసాలు, విందులు అనుకుంటాం. నిజమైన సభకు కావలసింది ఇదీ. నేను కనుక్కున్నది నలుగురిముందు పెట్టడం, నమ్మనివాడు పరీక్షించడం, తాను చూసింది తనకు నచ్చకపోయినా చెప్పడం. ఇంట్లో పదిమంది కూర్చుని తగువు తీర్చుకునేటప్పుడు కూడా మనకు కావలసింది ఆ గుణమే కదా!

తరువాత సంగతులు త్వరగా నడిచాయి. ఆ చీలికల్లోంచి కొత్త నేల పుట్టి సముద్రగర్భం ఇరువైపులకూ విస్తరిస్తుందని 1962లో హెస్ అనే ఆయన ప్రతిపాదించాడు. ఆ దశాబ్దం ముగిసేలోగా ఖండాలు కదులుతాయన్నది శాస్త్రజ్ఞులలో చాలామంది ఒప్పుకున్న మాట అయింది. మేరీ చూసిన పర్వతపంక్తి ఒక్క అట్లాంటిక్‌తో ఆగదు. ప్రపంచంలోని సముద్రాలన్నిటినీ చుట్టి సుమారు 65,000 కిలోమీటర్లు పోతుంది. అట్లాంటిక్ ఏడాదికి రెండున్నర సెంటీమీటర్ల చొప్పున వెడల్పవుతోంది. మన చేతిగోళ్ళు పెరిగే వేగం సుమారుగా అంతే!

మన హిందూ మహాసముద్రం అడుగున కూడా ఇటువంటి చీలికలున్నాయి. 1964లో మేరీ, హీజెన్ దాని పటం ప్రచురించారు. అదే ఏడాది డిసెంబరులో ప్రపంచ భూగర్భశాస్త్రజ్ఞుల 22వ మహాసభ మన ఢిల్లీలో జరిగింది. భారతభూమి ఉత్తరానికి జరుగుతూ వచ్చి, సుమారు అయిదు కోట్ల ఏళ్ళ క్రితం ఆసియాను ఢీకొన్నందువల్లనే హిమాలయాలు లేచాయని ఇవాళ మన పిల్లలు బడిలో చదువుకుంటున్నారు. ఆ పాఠం వెనక మేరీ గీతలున్నాయి.

సముద్రాన్ని అంతగా ఎరిగిన మేరీ పరిశోధక నౌక ఎక్కింది 1968లో. అప్పటికావిడ వయసు 48. 1977లో ప్రపంచ సముద్రగర్భాల పూర్తి పటం సిద్ధమైంది. ఆ ఏడాదే హీజెన్ కన్నుమూశాడు. 1997లో అమెరికా జాతీయ గ్రంథాలయంవారు ఆవిడను 20వ శతాబ్దపు నలుగురు మహా పటకర్తలలో ఒకరిగా గౌరవించారు. 2006లో, 86వ ఏట ఆవిడ మరణించింది. వాదించుకునేవాళ్ళను వాదించుకోనిచ్చి, తాను పటాలు గీసుకుంటూ పోయానని చెప్పేదట.

ఆవిడ ఓర్పు మెచ్చుకోదగిందే. కాని ఆ ఓర్పు పేరుతో పోయిన ఏడాదినీ, ఆ వ్యాసంమీద లేని పేరునూ మనం మరచిపోకూడదు. రేపు మీ అమ్మాయి లెక్కల పుస్తకం పట్టుకొచ్చి, "అమ్మా, ఇక్కడేదో తేడాగా వుంది చూడు" అంటే, పొయ్యిమీద పప్పు వుంటే దించేసి, ఒక్క నిమిషం ఆ కాగితం చూడండి.