ఉన్న ఊరు, రాసుకునే ఊరు

హైదరాబాదు పేటల చరిత్ర అనగానే మనవాళ్లు నవాబుల దగ్గర మొదలుపెడతారు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ల సంగతి వచ్చేసరికి నాకు నీళ్ల దగ్గర మొదలుపెట్టాలనిపిస్తుంది. కుతుబ్‌షాహీల కాలంలో, 1562 ప్రాంతంలో కట్టిన హుస్సేన్‌సాగర్ ఎత్తున ఉంది, మూసీ పల్లంలో ఉంది. చెరువు నిండితే మిగులు నీరు దోమలగూడ, అశోక్‌నగర్, నల్లకుంట, అంబర్‌పేటల మీదుగా నాలాలో పారి మూసీలో కలుస్తుంది. మన మూడు పేటలూ ఈ వాలులో ఉన్నవే. 2000 ఆగస్టు 24న నగరంలో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు అశోక్‌నగర్ ఇళ్లలోకి వచ్చింది ఈ నాలా నీరే. ఏ వీధి ఎత్తో, ఏ వీధి పల్లమో అప్పుడు అందరికీ తెలిసింది.

నీరు పల్లమెరుగు. మరి మనుషులు ఇక్కడికి ఏం చూసి వచ్చారు?

1901 జనగణనలో హైదరాబాదు జనాభా సుమారు 4.48 లక్షలు. ప్లేగు, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా తర్వాత, 1921కి అది 4.04 లక్షలకు తగ్గింది. 1951 నాటికి పది లక్షలు దాటింది. ఇంత పెరుగుదల ఉన్నవాళ్లకు పుట్టిన పిల్లలతోనే రాదు. పల్లెలు, తాలూకాలు, పక్క భాషల జిల్లాలు వదిలి జనం వచ్చారు.

ఈ పేటలకు వచ్చినవాళ్లలో చాలామందిని రప్పించింది చదువు. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. తెలుగులో చదవాలనుకునే ఆడపిల్లకు చోటేదీ? మాడపాటి హనుమంతరావు తదితరులు 1928లో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టారు. గుర్తింపు కోసం పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం దాకా పోవాల్సి వచ్చింది. ఆ బడి నారాయణగూడలో స్థిరపడింది. 1940లో మొదలైన కేశవ్ మెమోరియల్ పాఠశాలకు మరాఠీవాడైన జస్టిస్ కేశవరావు కోరట్కర్ పేరు పెట్టారు. 1954లో రాజా బహద్దూర్ వెంకటరామిరెడ్డి మహిళా కళాశాల వచ్చింది. 1956లో రాష్ట్రం ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి మారాక కోస్తా, రాయలసీమల ఉద్యోగులు ఈ చుట్టుపక్కల అద్దెకు దిగారు. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ ఇలాంటి జనంతోనే నిండాయి.

ఇప్పుడు ఆ గ్రంథాలయం ఆవరణలో చెట్ల కింద, గోడల వారగా కూర్చుని చదివేది గ్రూప్స్ అభ్యర్థులు. అశోక్‌నగర్ వీధుల్లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు, జిరాక్సు షాపులు, కర్రీ పాయింట్లు అన్నీ వాళ్ల మీదే బతుకుతున్నాయి. నోటిఫికేషన్ పడితే గదులు దొరకవు. పరీక్ష వాయిదా పడితే ఇంటి నుంచి ఇంకో నెల డబ్బులు రావాలి.

వీళ్లు ఏ ఊరి జనాభా?

మన జనగణన కుటుంబాన్ని వంటగదితో గుర్తిస్తుంది. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు ఒక కుటుంబం. హాస్టలు మెస్సులో తినేవాళ్లకు సంస్థాగత కుటుంబమని వేరే పద్దు ఉంది. ముగ్గురు గది తీసుకుని అన్నం మాత్రం వండుకుని, కూర బయట కొనుక్కుంటే వాళ్లూ ఒక కుటుంబమే అనుకోవాలి. అసలు చిక్కు వలస కారణం దగ్గర వస్తుంది. ఉద్యోగం, వ్యాపారం, చదువు, పెళ్లి, కుటుంబంతో రావడం, ఇతరాలు అని గడులుంటాయి. పీజీ ఎప్పుడో అయిపోయి, అయిదేళ్లుగా సర్కారు కొలువు కోసం చదువుతున్నవాడు ఏ గడిలో పడతాడు? చదువు అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. మిగిలింది ఇతరాలే.

2011 లెక్కల్లో హైదరాబాదు జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లు, జనాభా 39.43 లక్షలు. అంటే చదరపు కిలోమీటరుకు 18 వేల మందికి పైనే. 2021లో జరగాల్సిన లెక్కింపు 2027కి వాయిదా పడింది. ఈ మధ్యలో పాతికేళ్ల వయసులో పుస్తకాల సంచితో వచ్చి, కొలువు దొరికో దొరక్కో ముప్పై దాటి వెళ్లిపోయినవాళ్లు ఏ జనగణనలోనూ అశోక్‌నగర్ వాసులుగా కనపడరు. దరఖాస్తులో శాశ్వత చిరునామా అన్నచోట వాళ్లు ఎప్పుడూ సొంతూరి పేరే రాశారు.

నారాయణగూడ బడి చరిత్ర మనకు తెలిసింది దానికి పేరూ తేదీ ఉన్నాయి కాబట్టి. అద్దెగదులకు అవి ఉండవు. రేపు ఈ పేటల చరిత్ర రాసేవాళ్లు జనాభా పట్టికలతో పాటు గ్రంథాలయం హాజరు పుస్తకాలు, మెస్సు ఖాతాలు కూడా వెతకాలి. ఈ జనం ఆనవాళ్లు దొరికితే అక్కడే దొరకాలి.