మూడణాలా, పదిహేనణాలా?

రూపాయికి పదహారణాలు. దశాంశ పద్ధతిలో కొత్త పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి గానీ, అణాలు జనం నోళ్ళలోంచి అంత తొందరగా పోలేదు. మన భాషలోంచయితే ఇంకా పోలేదు. ‘పదహారణాల తెలుగు అమ్మాయి’ అంటున్నామంటే, అణా ఎలా ఉంటుందో చూడనివాళ్ళం కూడా అంటున్నాం. 1963లో ఈ దేశపు పేదరికం మీద లోక్‌సభలో పెద్ద తగాదా జరిగింది. కొత్త పైసలొచ్చి ఆరేళ్ళయినా ఆ తగాదా అణాల్లోనే జరిగింది. రామ్‌మనోహర్ లోహియా మూడు అన్నాడు. నెహ్రూ పదిహేను అన్నాడు.

మూడణాలంటే బేడ మీద ఒక అణా. పదిహేనణాలంటే దాదాపు రూపాయి. ఒకే దేశం గురించి, ఒకే ఏడాది, ఇద్దరు చదువుకున్నవాళ్ళు చెప్పిన లెక్కల మధ్య ఇంత తేడా ఎలా వచ్చింది?

ముందు సందర్భం చెప్పాలి. 1962 చివర్లో చైనాతో యుద్ధంలో దెబ్బ తిన్నాం. మరుసటి ఏడాది ఉప ఎన్నికల్లో ముగ్గురు గట్టి ప్రతిపక్షం మనుషులు గెలిచి సభకొచ్చారు: ఆచార్య కృపలానీ, మినూ మసానీ, లోహియా. అంతకు ముందు ఏడాదే ఫూల్పూర్‌లో నెహ్రూ మీద పోటీ చేసి ఓడిపోయిన లోహియా ఈసారి ఫరూఖాబాద్ నుంచి నెగ్గాడు. యాభై మూడేళ్ళ వయసులో లోక్‌సభలో అడుగు పెట్టడం అదే మొదలు. ఆగస్టులో కృపలానీ అవిశ్వాస తీర్మానం పెట్టాడు. లోక్‌సభ చరిత్రలో అది మొట్టమొదటిది. నాలుగు రోజుల చర్చ తరవాత అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347 ఓట్లు పడ్డాయి.

ఓడిపోతుందని పెట్టినవాళ్ళకీ తెలుసు. మరెందుకు పెట్టడం అంటే, అవిశ్వాసం మీద చర్చలో ప్రభుత్వాన్ని దేని గురించైనా నిలదీయొచ్చు. సభలో బలం లేనివాడికి దొరికే అవకాశం అది. చైనా, అవినీతి, ధరలు అన్నీ ఆ నాలుగు రోజుల్లో దొర్లాయి. స్వతంత్ర పార్టీకి (దాని అధ్యక్షుడు మన ఎన్.జి. రంగాయే) ప్రణాళికల మీదే నమ్మకం లేదు. లోహియా తగాదా వేరు. మీ ప్రణాళికలు ఎవరికోసం అన్నది ఆయన ప్రశ్న.

ఆయన హిందీలో, పల్లెటూరివాడికి అర్థమయ్యే లెక్కలో అడిగాడు. దేశంలో నూటికి అరవై మంది, అంటే ఇరవై ఏడు కోట్ల మంది, రోజుకి మూడణాల మీద బతుకుతున్నారని అన్నాడు. అదే ఊపులో ప్రధానమంత్రి మీద రోజుకి ఇరవై అయిదు వేల రూపాయలు ఖర్చవుతోందనీ అన్నాడు. ఈ రెండో మాట నాకంతగా రుచించదు. ప్రధాని భద్రత, కార్యాలయం, సిబ్బంది అన్నీ ఒక మనిషి సొంత ఖర్చులో రాసెయ్యడం సభలో చప్పట్లకి పనికొస్తుందేమో గానీ లెక్క కాదు. మొదటి మాట అలాంటిది కాదు. లోహియా బెర్లిన్‌లో డాక్టరేట్ చేసిన విషయం ఉప్పు పన్ను. పేదవాడి పప్పులో ఉప్పు మీద ప్రభుత్వం ఎంత లాక్కుంటోందో లెక్క కట్టడంతో మొదలైన చదువు అది.

హైదరాబాదుకి ఈ మనిషి కొత్తవాడేమీ కాదు. ప్రజా సోషలిస్టుల నుంచి విడిపోయి తన సోషలిస్టు పార్టీని పెట్టింది ఇక్కడే, 1955 చివరి రోజుల్లో. ఆయన ‘మాన్‌కైండ్’ పత్రిక వెలువడిందీ ఇక్కణ్ణించే. బదరీ విశాల్ పిత్తీ లాంటి మిత్రులు వెనక నిలబడ్డారు. దేశం మొత్తం మీద చిన్న పార్టీ, అప్పులతో నడిచే పత్రికలు, సభలో గుప్పెడు మంది. అంతకు మించి ఆయనకి బలగం లేదు.

నెహ్రూ ఆ మూడణాల లెక్కని కొట్టిపారేశాడు. మూడు కాదు, పదిహేను అన్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు. జాతీయాదాయాన్ని జనాభాతో భాగించి, దాన్ని 365తో భాగిస్తే ఇంచుమించు అంతే వస్తుంది. కానీ ఆ పదిహేనణాలు సగటు. బిర్లా ఆదాయమూ బీహారు కూలీ ఆదాయమూ కలిపి పంచితే వచ్చినవి. లోహియా అడిగింది కింది అరవై మంది గురించి. వచ్చిన జవాబు వందమంది గురించి.

మా వృత్తిలో ఇది రోజూ చూసే వ్యవహారమే. సర్వర్ సగటున ఎంత వేగంగా జవాబిస్తోందో చూపించే గ్రాఫు ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఫోన్ చేసి తిట్టేవాళ్ళు ఆ సగటులో కనపడరు.

తగాదా అక్కడితో ఆగలేదు. సెప్టెంబరులో ఈ అణాల మీదే విడిగా చర్చ జరిగింది. అప్పుడు ప్రణాళికా శాఖ తరఫున గుల్జారీలాల్ నందా కింది అరవై శాతానికి ఏడున్నర అణాల లెక్క చెప్పాడు. గమనించారా? పదిహేను కాస్తా సగానికి సగమైంది. ప్రతిపక్షం తీర్మానం 285 ఓట్ల తేడాతో ఓడింది. నెల తిరక్కుండానే ప్రభుత్వం ‘సగటు మనిషి’ని వదిలి ‘కింది మనిషి’ గురించి మాట్లాడాల్సొచ్చింది. ఆ చర్చ మొత్తంలో లోహియా సాధించింది ఇదేనని నేననుకుంటాను.

మరి మూడా, ఏడున్నరా? కాగితం తీసి చూద్దాం. సగటు పదిహేను, కింది అరవై మందికి మూడు అనుకుంటే, పై నలభై మందికి తలా ముప్పై మూడు అణాలు వస్తాయి. అంటే దేశం మొత్తం ఆదాయంలో నూటికి 88 పాళ్ళు వాళ్ళ దగ్గరే ఉండాలి. ఎంత అన్యాయమైన దేశమైనా ఇది నమ్మడం కష్టం. నందా ఏడున్నర ప్రకారం పైవాళ్ళకి ఇరవై ఆరు చిల్లర, అంటే నూటికి 70 పాళ్ళు. జాతీయాదాయంలో పన్నులు, పొదుపు, కంపెనీల దగ్గర ఉండిపోయే లాభాలు కూడా ఉంటాయి కాబట్టి, జనం చేతికొచ్చే అసలు సగటు పదిహేను కన్నా తక్కువే. అది లోహియాకి కొంత కలిసొచ్చే విషయం. అయినా మూడణాలు అరవై మందికీ వర్తించే అంకె కాదనే నా అభిప్రాయం. అట్టడుగున ఉన్న కొద్దిమంది బతుకుని ఆయన ఇరవై ఏడు కోట్లకీ పరిచాడు.

కానీ ప్రభుత్వం అంకె ప్రభుత్వానికే ఎదురు తిరిగింది. 1962లో ప్రణాళికా సంఘం కూర్చోబెట్టిన నిపుణులే మనిషి కనీసంగా బతకడానికి నెలకి ఇరవై రూపాయలు కావాలన్నారు. వైద్యం, చదువు అందులో కలపలేదు, అవి ప్రభుత్వం చూసుకుంటుందని. ఇరవై రూపాయల్ని రోజుల మీదికి తెస్తే పది అణాల పైచిలుకు. ఏడున్నర అణాలు నెలకి పద్నాలుగు రూపాయలు. లోహియాది పూర్తిగా తప్పనుకుని, నందా చెప్పిందే ఒప్పనుకున్నా, దేశంలో సగానికి పైగా జనం, ప్రభుత్వం తరఫున గీసిన గీతకి సగటున నెలకి ఆరు రూపాయలు కిందనే ఉన్నారు.

మరుసటి ఏడాది మహలనోబిస్ కమిటీ నివేదిక వచ్చింది. ఆదాయాలు ఎలా పంచుకుపోతున్నాయో చూడమని 1960లోనే వేసిన కమిటీ అది. లోహియా 1967 అక్టోబరు 12న పోయాడు. 1971లో దాండేకర్, రథ్ తమ ప్రసిద్ధ అధ్యయనంలో 1960-61 ధరల్లో పల్లెల్లో నెలకి 15 రూపాయలు, పట్నాల్లో 22 రూపాయల 50 పైసలు కనీస అవసరమని లెక్క కట్టారు. పల్లెల్లో నూటికి నలభై మంది, పట్నాల్లో యాభై మంది ఆ గీతకి కింద ఉన్నారని తేల్చారు. పల్లెకి వాళ్ళు గీసిన ఆ గీతని పాత లెక్కలోకి మారిస్తే, రోజుకి ఎనిమిదణాలు.