తంతి లెక్క, అర్రే లెక్క



ఛందస్సు చెప్పి పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి సీ భాషతో పనేమిటని మీరు నవ్వవచ్చు. మా మనవడు సెలవులకు ఉదయగిరి వచ్చి పుస్తకం ఇక్కడే మరచిపోయాడు. గురులఘువులు లెక్కపెట్టిన ప్రాణం ఊరుకోలేదు.

ఒక ప్రాసెస్ నుండి మరొక ప్రాసెస్‌కు ఊరిపేర్ల అర్రేను సందేశంగా పంపబోయాను. ఉదయగిరి ఐదక్షరాలు, ఆత్మకూరు నాలుగు. అన్నన్ని బైట్లే పంపాను. అవతల 'ఉ', 'ఆ' మాత్రం చేరాయి, పక్కన ఏవో చెదిరిన గుర్తులు! యూనికోడ్‌లో ఉదయగిరికి ఏడు సంకేతాలు, ఆత్మకూరుకు ఎనిమిది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. వెరసి 21, 24. చెవికి చిన్నదైన ఆత్మకూరే యంత్రానికి పెద్దది. చివరి సున్నకు మరొక బైటు అదనం.

సరే, అర్రే చిరునామా పంపితే పోదా అనుకున్నాను. అదీ కుదరదు. 'రావిచెట్టు పక్కన మూడో ఇల్లు' అని ఉదయగిరిలో చెప్పిన గుర్తుతో ఆత్మకూరులో వెతికితే ఎవరింటికో పోతాం. ఏ ప్రాసెస్ జ్ఞాపకశక్తి దానిదే, సరుకును మోసుకుపోవలసిందే.

యునిక్స్‌లో 1973లో పైపు వచ్చింది. ఊహ డగ్ మెక్‌ల్రాయ్‌ది, అమలు థాంప్సన్‌ది. అందులో బైట్లు ప్రవాహంగా వస్తాయి, హద్దులుండవు. పదచ్ఛేదం లేని తాళపత్రం చదివిన వారికి ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు. తరువాత సిస్టమ్ ఫైవ్ సందేశాల వరుస హద్దులను నిలిపింది. అందుకొనే పిలుపు ఎన్ని బైట్లు వచ్చాయో చెబుతుంది. మన పాత్ర చిన్నదైతే తప్పు చూపి, సందేశాన్ని వరుసలోనే ఉంచుతుంది. 'కోసైనా ఇవ్వు' అనే గుర్తు పెడితే మాత్రం మిగిలినది చెప్పకుండా పారేస్తుంది. నేను ఆ గుర్తును ఎన్నడూ పెట్టను. 2006లో మొదటి పూర్తి విడుదల పొందిన డీబస్ ఇంకొంచెం జాగ్రత్తపడింది: అర్రేకు ముందు నాలుగు బైట్లలో దాని పొడవు రాస్తుంది. అది అంశాల సంఖ్య కాదు, బైట్ల సంఖ్య. అంశం రకం సంతకంలో వేరుగా ఉంటుంది. రెండూ చూడనిదే చదవరాదు.

ఇది చదివినప్పుడు నాకు తంతి కాగితం జ్ఞాపకం వచ్చింది. అందులోనూ వార్తకు ముందు పదాల సంఖ్య ఉండేది. అందుకొన్న గుమాస్తా పదాలు లెక్కించి, తేడా వస్తే పంపినచోటును మళ్ళీ అడిగేవాడు. 2013 జూలైలో మన దేశంలో తంతి సేవ ముగిసింది.

పైపు పుట్టిన ఆ 1973లో మేము ఆత్మకూరులో ఉండేవాళ్ళం. అవ్వ పోయిందని ఉదయగిరి నుండి తంతి వచ్చింది. ఇంగ్లీషు ముక్కలు నాలుగైదే. నాయన చదివి, పైనున్న అంకె చూసి, వేలు పెట్టి పదాలు లెక్కపెట్టాడు. సరిపోయాయి. మళ్ళీ మొదటినుండి లెక్కపెట్టాడు. ఏదో ఒక పదం దారిలో తప్పిపోయి ఉంటుందని ఆయన ఆశ. బస్సు వేళ అవుతోందని అమ్మ చెప్పేదాకా ఆ కాగితం మడవలేదు.