కొలువులో మత్తు పరీక్ష

దేవరుప్పుల పేరు వినగానే మనకు కడవెండి జ్ఞప్తికి వచ్చును. 1946 జూలై 4వ తేదీన దొడ్డి కొమరయ్య నేలకొరిగిన సంగతి జ్ఞప్తికి వచ్చును. ఆ చరిత్రను ఎందరో పెద్దలు చెప్పియున్నారు. మేము నేడు ఆ ప్రాంతపు తాటివనములను, ఈతవనములను తలచుకొనుచు మరియొక చరిత్రను ముచ్చటింపదలచితిమి. అది మనుష్యుని శరీరములోని మత్తును ప్రభుత్వములును, యజమానులును కొలువ నారంభించిన చరిత్ర.

నైజాము ప్రభుత్వమునకు మత్తుతో గల సంబంధము ముఖ్యముగా రాబడి సంబంధమే. ఖజానాకు వచ్చు పెద్ద ఆదాయములలో ఆబ్కారీ యొకటి. చెట్టును లెక్కించిరి, చెట్టునకు పన్ను కట్టిరి, దుకాణమును వేలము వేసిరి. త్రాగినవాడు మరునాడు ఏ పనికి పోవునో అడిగినవారు లేరు. నాగలి పట్టినవాడు తూలినచో చాలు వంకరపోవును, అంతకు మించి ముప్పు లేదు. బస్సు, రైలింజను, విమానము వచ్చిన పిమ్మట ఒకని మత్తు పదుగురి ప్రాణములతో ముడిపడినది. చెట్టును లెక్కించుట చాలక మనిషిని పరీక్షింపవలసి వచ్చినది.

మొదట పరీక్షకు లోబడినది శ్వాస. అమెరికాలో ఇండియానా రాష్ట్రమున హార్గర్ అను ఆచార్యుడు నిర్మించిన యంత్రము 1938లో పోలీసుల చేతికి వచ్చెను. 1954లో బోర్కెన్‌స్టైన్ దానికంటె సులువైన బ్రెతలైజరును రూపొందించెను. సూత్రము సామాన్యమే. రక్తములోని సారాయము ఊపిరితిత్తులలో గాలితో కలియును. సుమారు 2,100 పాళ్ల ఊపిరిలో నుండు సారాయము ఒక పాలు రక్తములో నుండునంత యని లెక్క కట్టుదురు. మన 1988 మోటారు వాహనముల చట్టము 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములను హద్దుగా నిర్ణయించినది. నేడు ఆర్టీసీ డిపోలలో డ్రైవరులు, రైల్వేలో ఇంజను నడుపువారు విధిలో చేరుటకు ముందు ఈ యంత్రములో ఊదుదురు. అయితే నోటిలో నిలిచిన సారాయమును గూడ యంత్రము రక్తములోనిదిగానే భావింపగలదు. కావుననే పరీక్షకు ముందు పదునైదు నిమిషములు ఏమియు తినక, త్రాగక ఆగవలెనందురు. పొద్దుటి బస్సు వేళ తరుముచుండగా ఈ పదునైదు నిమిషములే మొదట ఎగిరిపోవునని మా అనుమానము.

ఇతర మాదకద్రవ్యముల కథ సైన్యముతో మొదలైనది. వియత్నాంలోని అమెరికా సైనికులు హెరాయినుకు అలవాటుపడుచుండగా, 1971 జూన్ నెలలో నిక్సన్ ప్రభుత్వము ఒక నియమము పెట్టెను. స్వదేశమునకు పోవు సైనికుడు మూత్రపరీక్షలో నెగ్గిన పిమ్మటనే విమానమెక్కవలెను. నెగ్గనివానిని నిలిపి చికిత్స చేసిరి. అట్లు తిరిగివచ్చినవారిని లీ రాబిన్స్ అను పరిశోధకురాలు వెదకి వెదకి పలుకరించెను. అచట వ్యసనమునకు లోనైనవారిలో మొదటి యేడాది మరల దానికి దాసులైనవారు నూటికి సుమారు అయిదుగురే! పరీక్షలో దొరికినవాడు జీవితాంతము చెడినవాడను నమ్మకము ఈ లెక్క ముందు నిలువలేదు.

1981 మే 26న నిమిట్జ్ అను విమానవాహక నౌకపై విమానము కూలి 14 మంది మరణించిరి. మృతులైన నావికులలో కొందరి శరీరములందు గంజాయి జాడలు కనబడెను. దేశమంతయు గగ్గోలు పుట్టి నౌకాదళము కఠిన పరీక్షలకు పూనుకొనెను. విమానము నడపినవాని శరీరములో జలుబుమందు మోతాదును మించి యుండెనను సంగతికి మాత్రము అంత ప్రచారము రాలేదు. తొందరలో ప్రయోగశాలలపై నమూనాలు గుట్టలుగా వచ్చిపడెను. 1984లో సైన్యమే తన పత్రములను తిరగవేసి, వేలకొలది ఫలితములు శాస్త్రమునకుగాని న్యాయమునకుగాని నిలువజాలవని ఒప్పుకొనవలసి వచ్చెను. ఆలోపల ఎందరి కొలువులు పోయెనో, ఎందరి పేర్లకు మచ్చ వచ్చెనో ఊహింపుడు.

1986 సెప్టెంబరు 15న రీగన్ ఆజ్ఞ ఈ పరీక్షను సైనికులనుండి పౌర ఉద్యోగులకు విస్తరింపజేసినది. 1988లో ఏర్పడిన నియమములలో పాత పొరపాట్ల జాడ కనబడును. సీసాకు ఉద్యోగి కన్నులయెదుటనే ముద్ర వేయవలెను. అది చేతులు మారినప్పుడెల్ల సంతకము పడవలెను. మొదటి పరీక్షలో దోషము తేలినను, అంతకంటె నిశితమైన రెండవ పరీక్ష జరుగక ఫలితము ప్రకటింపరాదు. అటుపిమ్మట గూడ వైద్యుడొకడు ఉద్యోగిని స్వయముగా విచారింపవలెను.

ఆ వైద్యుడెందుకని సందేహించువారు తమ వంటింటిలోని గసగసాల డబ్బాను చూడవచ్చును. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. వానిని దండిగా వాడిన కూర తిన్నవాని మూత్రములో మార్ఫిను కనబడవచ్చును. ఇట్టి చిక్కులు మిక్కుటము కాగా 1998లో అమెరికా తన హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాములనుండి 2,000కు పెంచినది. 2023లో ఆ దేశపు రక్షణశాఖ గసగసాలు తినవద్దని సైనికులనే హెచ్చరించినది. మన మాంసపు కూరకు ఇంతకంటె గొప్ప అపనింద ఏముండును!

మన దేశమున విమాన చోదకులకు, విమానముల రాకపోకలను నియంత్రించు ఉద్యోగులకు 2022 జనవరి 31నుండి మాదకద్రవ్య పరీక్షలు అమలులోనికి వచ్చినవి. డిపోలలో మాత్రము ఊపిరి యంత్రమే ఆధారము. ఒకడు త్రాగెనని తేల్చుటకు నోటి వాసన, తూలు నడక చాలవని 1971లోనే సుప్రీంకోర్టు చెప్పినది. 2025లో తెలంగాణ హైకోర్టు ఒక ఆర్టీసీ ఉద్యోగి విషయమున, యంత్రపు ఫలితమొక్కటే కొలువునుండి తొలగించుటకు చాలదని తీర్పు చెప్పినది. రక్తపరీక్ష ఖర్చుతో కూడినదందురు. కాని కొలువు పోయిన యింటి ఖర్చును ఏ పద్దులో వ్రాయుదురు?

ఇక మన తాటివనముల వైపు మరలుదము. చెట్టునుండి దిగిన కల్లు వేరు, కొన్ని దుకాణములలో కలిపి అమ్ము కల్లు వేరు. కల్తీదారులు అందులో క్లోరల్ హైడ్రేటు, డైజిపాం, అల్ప్రాజోలాం కలుపుదురు. గీతకార్మికునకు దీనివలన లాభమేమియు లేదు. అతని చెట్టుకే చెడ్డపేరు. 2015లో కల్తీపై దాడులు ముమ్మరమైనపుడు తెలంగాణలో పలుచోట్ల కూలీలు వణకుచు, పొంతన లేని మాటలాడుచు ఆసుపత్రులకు చేరిరి. తాము మాత్రలకు బానిసలమైతిమని వారిలో పలువురెరుగరు.

అల్ప్రాజోలాం రక్తములో సగమునకు తగ్గుటకు సుమారు 11 గంటలు పట్టును. సాయంకాలము కల్తీ కల్లు త్రాగినవాడు తెల్లవారి డిపోలో ఊదినచో యంత్రము సున్న చూపవచ్చును, మత్తు మాత్రము అతనిలో నుండును. అతనికే మూత్రపరీక్ష చేసినచో మాత్రలు మ్రింగినవాడని తేలును. అతడు చేయెత్తి ప్రమాణము చేసినను ఎవరును నమ్మరు. అట్టివానిని వైద్యుడు మొదట అడుగవలసినది ఏ దుకాణమున త్రాగితివని. ఆ సమాధానము ఉద్యోగి దస్త్రములో మగ్గక ఆబ్కారీ అధికారికి చేరవలెను. అతడు ఆ దుకాణపు కుండలోని కల్లును పరీక్షకు పంపవలెను.